సిలువ యుద్ధములు – ముసల్మానుల దృష్టి

మన పాఠ్యపుస్తకములలో సిలువ యుద్ధముల కథ 1095వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందలి క్లెర్మాంటు పట్టణములో రెండవ అర్బను పోపు చేసిన ప్రసంగముతో ఆరంభమగును. విద్యార్థి యూరపు సైన్యములతో గూడ బయలుదేరి, వారి కష్టసుఖములను పంచుకొని, 1099 జూలై 15వ తేదీన వారితోబాటు యెరూషలేము కోటగోడ నెక్కును. గోడ కావలివైపున నున్నవా రేమనుకొనిరో యడుగుట కతనికి దోచదు. ఆవలివారును వ్రాసిరి. వారి వ్రాతలు అరబ్బీ భాషయందు పెక్కులు నిలిచియున్నవి. ఈ మారు అటునుండి ఇటు చూతము.

మొదట పేరు సంగతి. ఆ కాలపు ముసల్మానులకు సిలువ యుద్ధమను మాటయే తెలియదు. వచ్చినవారిని వారు ఇఫ్రంజ్, అనగా ఫ్రాంకులు, అని పిలిచిరి. ఇంగ్లీషువాడైనను జర్మనీవాడైనను వారికి ఫ్రాంకే. ఈ మాటయే పారసీకము ద్వారా మన దేశమునకు వచ్చి తెలుగున పరంగి యైనది. మనము ఫిరంగి యనునదియు దానినుండి పుట్టినదే. సిరియా, ఐగుప్తు దేశములలో అనాదిగా కాపురమున్న క్రైస్తవులు వేరు, ఫ్రాంకులు వేరు. మొదటివారు ఇరుగుపొరుగువారు, వైద్యులు, లేఖకులు; రెండవవారు సముద్రము దాటి వచ్చిన పరదేశులు. సిలువ యుద్ధములను అర్థమిచ్చు అరబ్బీ పేరు 19వ శతాబ్దమున యూరపు గ్రంథముల భాషాంతరముల వలన వాడుకలోనికి వచ్చినది. ఈ విషయమునకే ప్రత్యేకించి ఒక ముసల్మాను వ్రాసిన అరబ్బీ గ్రంథము, సయ్యద్ అలీ అల్ హరీరీ రచన, 1899లో గాని వెలువడలేదు.

యెరూషలేము పడినపుడు దమస్కు ఖాజీ యగు అల్ హరావీ బాగ్దాదునకు పోయి మొరపెట్టెను. విన్నవారు కన్నీరు కార్చిరి. సైన్యము మాత్రము కదలలేదు. సెల్జూకు సుల్తాను మాలిక్ షా 1092లో మరణించినది మొదలు అతని వారసులు సింహాసనమునకై పోరాడుచుండిరి. కైరోలోని ఫాతిమీ ప్రభువులు సిరియా తురుష్కులను పగవారిగా నెంచి, 1098లో యెరూషలేమును వారి చేతినుండి తామే లాగుకొనియుండిరి. 1105లో దమస్కున అల్ సులమీ యను పండితుడు ధర్మయుద్ధమును గూర్చిన తన గ్రంథమును మసీదులో చదివి వినిపించెను. ఫ్రాంకులు సిసిలీయందును స్పెయినునందును సాగించిన దండయాత్రయే ఇది యనియు, ముసల్మానుల అంతఃకలహములే వారికి త్రోవ తీసెననియు, పరులను గెలువగోరువాడు ముందు తన్ను తాను గెలువవలెననియు ఆయన బోధ. విన్నవారు కొలదిమంది. నూరేండ్లు దాటిన తరువాత చరిత్రకారుడు ఇబ్నుల్ అసీరును 1085లో టోలెడో, 1091లో సిసిలీ, పిమ్మట సిరియా యని ఆ వరుసనే చెప్పెను. యెరూషలేమున డెబ్బది వేలకు పైగా చంపబడిరని ఆయన వ్రాసెను. అంతమంది యా పట్టణమున పట్టియుండరు. అయినను వధ జరిగిన మాట ఇరుపక్షములవారును ఒప్పుకొన్నదే.

ఈ గ్రంథకర్తలలో మనకు మిక్కిలి చేరువగా కనబడువాడు ఉసామా ఇబ్న్ మున్ఖిజ్. షైజరు కోట నేలిన కుటుంబమువాడు. పోపు ప్రసంగించిన 1095లోనే పుట్టి 1188లో మరణించెను. ఫ్రాంకుల పేరెత్తినపుడు వారిని శపించుట అతని వాడుక. వారికి శౌర్యము తప్ప వేరు సుగుణము లేదనియు, శౌర్యము మృగములకును గలదనియు అతని మతము. ఒక ఫ్రాంకు ప్రభువు వైద్యుని బంపుమని కోరగా, ఉసామా పినతండ్రి సాబిత్ అను స్థానిక క్రైస్తవ వైద్యుని బంపెనట. కాలికి గడ్డ లేచిన యోధునకు అతడు పట్టు వేయగా గడ్డ పగిలి నెమ్మదించెను. అంతలో ఫ్రాంకు వైద్యుడొకడు వచ్చి గొడ్డలితో కాలు నరికించెను. రోగి తత్క్షణమే మరణించెను. ఈ కథను ఇంతవరకే చెప్పి నవ్వించువారు పెక్కురు. ఉసామా యట్లు చేయలేదు. మానని కాలిపుండుగల ఒక ఉద్యోగిని ఫ్రాంకు వైద్యుడే ఘాటైన చిరకతో కడిగి స్వస్థపరచెననియు, వారు గండమాలకు చెప్పిన మందును తానును ఇతరులకు వాడి గుణము చూచితిననియు వెంటనే వ్రాసెను. శపించిన నోటితోనే సాక్ష్యము పలికెను.

యెరూషలేములో అల్ అక్సా మసీదును దేవాలయ యోధులను సన్న్యాసి సైనికులు తమ నివాసముగా చేసికొనియుండిరి. వారు ఉసామాకు స్నేహితులు. ప్రక్కనున్న చిన్న మసీదును అతని ప్రార్థనకై ఖాళీచేసి యిచ్చుచుండిరి. ఒకనాడు క్రొత్తగా వచ్చిన ఫ్రాంకు ఒకడు ప్రార్థించుచున్న అతనిని పట్టుకొని తూర్పునకు త్రిప్పెను. యోధులు వానిని వెలుపలికి గెంటి, యితడు మొన్ననే వచ్చినవాడని చెప్పి క్షమింపుమనిరి. కొంతకాల మా దేశమున నున్నవారికంటె క్రొత్తవారు మోటుగా నుందురని ఉసామా కనిపెట్టిన సంగతి. అతనిని తమ్ముడా యని పిలుచు మరియొక ఫ్రాంకు స్వదేశమునకు మరలుచు, నీ కుమారుని నాతో బంపుము, మా రాజ్యములో బుద్ధియు యుద్ధవిద్యయు నేర్చుకొనునని ప్రేమతో కోరెను. చెరపట్టుబడినను ఇంతకంటె కీడు రాదని ఉసామా మనసులో ననుకొని, పైకి మాత్రము, వాని నాయనమ్మ మనుమని విడిచి యుండజాలదనెను. తల్లి మాట జవదాటవలదని ఆ ఫ్రాంకు ఒప్పుకొనెను. ఈ మనుష్యుని చూచి నవ్వవలెనో మెచ్చవలెనో నాకు తోచదు.

1184లో స్పెయినునుండి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ జుబైర్ దమస్కునుండి అక్కా రేవునకు వర్తకులతో గూడ ప్రయాణము చేసెను. ఒకవైపున సైన్యములు పోరుచుండగా మరియొకవైపున బిడారులు నిర్భయముగా సాగుట అతనికి వింతగొలిపెను. త్రోవలో ఫ్రాంకుల యేలుబడిలోని ముసల్మాను రైతులు పంటలో సగమును, తలపన్నును చెల్లించి సుఖముగా నుండిరి. స్వమతప్రభువుల క్రింద నున్నవారికంటె వీరు నెమ్మదిగా నుండుట ముసల్మానులకు తలవంపని అతడు విలపించెను. ఇంత నొచ్చుకొన్న సంగతిని దాచక వ్రాసినందున అతని మాట నమ్మదగియున్నది.

1187 జూలైలో హత్తీనువద్ద సలాదీను గెలిచెను. పట్టుబడిన దేవాలయ యోధులను చంపించెను. అక్టోబరు 2వ తేదీన యెరూషలేము లోబడగా, పురుషునకు 10, స్త్రీకి 5 దీనారుల చొప్పున వెల గొని ఫ్రాంకులను విడిచెను. చెల్లింపలేని వేలమంది బానిసలైరి. స్థానిక క్రైస్తవులకు నగరమందే యుండుటకు సెలవిచ్చెను. 1191లో రిచర్డు రాజు అక్కావద్ద సుమారు 3,000 మంది బందీలను చంపించిన ఘోరమును వ్రాసిన బహావుద్దీను, ఆ రిచర్డు శౌర్యమునే మెచ్చుకొనెను. శత్రువుల శిబిరమునుండి యెత్తుకొని రాబడిన పసిబిడ్డను సలాదీను సొమ్మిచ్చి కొని తల్లి యొడిలో నుంచిన వృత్తాంతమును ఆయనే చెప్పెను.

1229లో సుల్తాను అల్ కామిల్ ఒప్పందముచేసి యెరూషలేమును ఫ్రెడరిక్కు చక్రవర్తి కప్పగింపగా దమస్కు మసీదున ఏడ్పులు చెలరేగెను. 1258లో మంగోలులు బాగ్దాదును నాశనము చేసిరి. దాని యెదుట ఫ్రాంకుల యుపద్రవము చిన్నదయ్యెను. 1291లో అక్కా పడెను. ఫ్రాంకులు మరల దిగకుండుటకై సముద్రతీరపు కోటలను నేలమట్టము చేసిరి. అటుపిమ్మటను వెనీసు వర్తకుల ఓడలు మిరియములకై అలెగ్జాండ్రియా రేవునకు వచ్చుచునే యుండెను. వారినిగూడ అచ్చటివారు ఫ్రాంకులనియే పిలిచిరి.