మామిడిపండ్లలోని పురుగు: వేడినీటి ఉపాయము

కోసిన మామిడికాయ పైకి నిగనిగలాడుచుండియు, మగ్గిన పిదప లోపల తెల్లని పురుగులు కానవచ్చుట రైతులెల్లరకును తెలిసినదే. ఇవి తోటలోనే పండుఈగ తొక్కక్రింద పెట్టిన గ్రుడ్లనుండి పుట్టినవి; కావున పైపైన కడిగినందున ప్రయోజనము లేదు. ఈ పండుఈగ కారణముననే 2014 మే నెలలో ఐరోపా సమాఖ్య మన దేశపు మామిడిని నిషేధించి, 2015లో గాని ఆ నిషేధమును తొలగింపలేదు.

దీనికి మందులతో పనిలేని ఉపాయము వేడినీరు. 48 సెంటీగ్రేడు డిగ్రీల నీటిలో 60 నిమిషములు కాయలను పూర్తిగా ముంచియుంచినచో లోపలి గ్రుడ్లును పురుగులును చచ్చును. చేతితో తాకి వేడిని నిర్ణయించుట తగదు, ఉష్ణమాపకము ఉండవలెను. వేడి తగ్గెనా పురుగు బ్రదుకును, హెచ్చెనా తొక్క కమలిపోవును. కాయలు వేయగనే నీరు చల్లబడును గనుక, మరల 48 డిగ్రీలకు వచ్చినది మొదలు కాలము లెక్కింపవలెను. లేతకాయలు ఈ వేడికి తాళవు. పక్వమైనవానిని, ఒకే పరిమాణము గలవానిని ఏర్చి వేయవలెను. పిదప నీడను ఆరబెట్టి, ఈగ మరల వ్రాలకుండ వల కప్పవలెను.

కట్టెలపొయ్యిమీది గంగాళములో గంటసేపు ఒకే వేడి నిలుపుట కష్టము. వేడిని తనంతట సరిచేసికొను తొట్టిని సన్నకారు రైతు ఒంటిగా కొనజాలడు. సంఘము కొని సభ్యులకు వంతులవారీగా ఇచ్చుట మేలు.

ఇప్పటికే పురుగు తొలిచిన కాయ దీనివలన బాగుపడదు. అట్టివానిని, తోటలో రాలినవానిని పెంటకుప్పపై పారవేయక రెండడుగుల లోతున పూడ్చవలెను. లేనిచో పురుగు మట్టిలో దిగి, ఈగయై మరల తోటకే వచ్చును.