వైద్యశాలలో జోలపాట

పెద్దవాడు వైద్యశాలకు పోవునప్పుడు తానెందులకు పోవుచున్నాడో ఎఱిగి పోవును. పసివాని సంగతి అట్లు కాదు. వానిని ఎత్తుకొని పోవుదురు. ఇల్లు, వాకిలి, తోడిపిల్లలు, బడి, అన్నియు ఒక్కనాటితో దూరమగును. తెల్లని గోడలు, మందుల వాసన, ఎఱుగని ముఖములు, ఏ వేళకు ఏ సూది వచ్చునో యను బెదురు మాత్రమే మిగులును. జ్వరమునకు మందున్నది. ఈ బెదురునకు మందేది?

ఈ ప్రశ్న నాకు మొదట పుస్తకములలో ఎదురైనది కాదు. ఇరువది యేండ్ల క్రిందట మా అమ్మాయికి ఆరవయేట టైఫాయిడు జ్వరము వచ్చి, ఒక పట్టణములోని వైద్యశాలలో పది దినములు ఉంచవలసి వచ్చినది. నర్సు చేతిలోని పళ్లెము చప్పుడు వినబడినంతనే పిల్ల కొయ్యవలె బిగుసుకొని పోయెడిది. పద్యములు వందలకొలది కంఠస్థములైన నాకు ఆ సమయమున ఒక్క పాటయైనను నోటికి రాలేదు.

మూడవనాడు మా అమ్మ గ్రామమునుండి వచ్చినది. మనుమరాలి తలను ఒడిలో పెట్టుకొని, మా యింట తరతరములుగా పాడుకొను జోలపాట నెత్తుకొన్నది. ప్రక్క మంచములవారు వినుచున్నారని నాకు సిగ్గు కలిగెను. "అమ్మా, ఇది ఆసుపత్రి. ఇక్కడ పాటలేమిటి?" అంటిని. ఆమె ఆపివేసినది. అంతలో కాలికి కట్టుతో ప్రక్క మంచముపై పరుండియున్న కుఱ్ఱవాడు, "పాడు మామ్మా!" అనెను. నేను తల వంచుకొంటిని.

ఆ రాత్రి సూది తప్పలేదు, ఏడుపును తప్పలేదు. కాని అంతవరకు సూదికి ముందొక గంట, వెనుకనొక గంట సాగెడి ఏడుపు, ఆనాడు సూదితో మొదలై సూదితోనే ముగిసినది. ఆ రెండు గంటల యేడుపునకు కారణము సూది కాదు, భయము. పాట తీసివేసినది ఆ భయమును.

తరువాత ఈ విషయమున ఇతర దేశములవారు కనుగొన్న సంగతులను వెదకి చదివితిని. ఫ్లారెన్సు నైటింగేలు 1859లో వెలువరించిన శుశ్రూషాగ్రంథమున, రోగులపై సంగీతము చూపు ప్రభావమును లోకము గమనింపనే లేదని వ్రాసినది. ఎడతెగక సాగు నాదము, అనగా మానవకంఠము, తంత్రీవాద్యములు మొదలగువాని నాదము, రోగికి హితమని ఆమె అభిప్రాయము.

అయినను పాశ్చాత్య వైద్యశాలలలో చాలకాలము బిడ్డ చెంత తల్లినే ఉండనిచ్చెడివారు కారు. 1952లో జేమ్సు రాబర్టుసను అను సాంఘిక కార్యకర్త, రెండేండ్ల బాలిక లండను వైద్యశాలలో ఒంటరిగా గడపిన ఎనిమిది దినములను చలనచిత్రముగా తీసి వైద్యులకు చూపెను. 1959లో బ్రిటనులోని ప్లాటు సంఘము, తల్లిదండ్రులు ఏ వేళనైనను బిడ్డను చూడవచ్చుననియు, చిన్నపిల్లల తల్లులను అక్కడనే ఉండనీయవలెననియు సిఫారసు చేసినది. తల్లి లోనికి వచ్చిన తరువాతనే గదా తల్లి పాట లోనికి వచ్చుట!

లండనులోని గ్రేటు ఆర్మండు వీధి బాలల వైద్యశాల 1852లో స్థాపితమైనది. అక్కడి 37 మంది పసిపిల్లలపై జరిపిన పరిశీలన 2013లో వెలువడెను. ఆ పిల్లలకు ఒకప్పుడు జోలపాటలు పాడిరి. ఒకప్పుడు కథలు చదివి వినిపించిరి. ఒకప్పుడు ఊరక విడిచిరి. పాట విన్నప్పుడు గుండెవేగము తగ్గినది, బాధ తగ్గినది. కథ విన్నప్పుడు గాని, ఊరక యున్నప్పుడు గాని అట్టి మార్పు కనబడలేదు.

ఇందు మంత్రమేమియు లేదు. భయమున గుండె వడిగా కొట్టుకొనును, ఊపిరి పైపైన ఆడును, కండరములు బిగియును. బిగిసిన చేతిలో నరము దొరకుట కష్టము. బిగిసిన దేహమునకు నొప్పి అధికము. జోలపాట నడక మెల్లనిది, స్వరములు కొలదివి, ఒకే మాట మరల మరల వచ్చును. తరువాత ఏమి వచ్చునో పిల్లకు ముందే తెలియును. ఏమి జరుగునో తెలియని చోట ముందే తెలిసినది ఒక్కటి దొరకుటయే గొప్ప ఊరట. పిల్ల తానును పల్లవి అందుకొన్నచో ఊపిరి దానంతట అదే దీర్ఘమగును.

అయితే పాటకును హద్దులు గలవు. అమెరికాలోని యేలు విశ్వవిద్యాలయమువారు శస్త్రచికిత్సకు వచ్చిన 123 మంది పిల్లలను పరిశీలించి 2004లో ఫలితములు ప్రకటించిరి. తల్లిదండ్రులను విడిచి శస్త్రచికిత్సాగారమున ప్రవేశించు వేళ సంగీతము కొందఱు పిల్లలకు తోడ్పడెను. కాని మత్తుమందు ఇచ్చు ఘట్టమున అది పనిచేయలేదు. అప్పుడు భయమును తగ్గించినది ఔషధమే. మఱియొక విశేషము: పాట ఫలించుట పాడినవారినిబట్టి ఉండెను. ఈ రోగమునకు ఈ రాగమని నిర్ణయించి చెప్పువారి మాట విని మందు మానరాదు. పని చేయునది రాగమొక్కటియే కాదు, ఆ రాగము వెనుకనున్న మనిషి కూడను.

మఱియొక మాట. వైద్యశాలలో పిల్ల "వద్దు" అన్నను మందు ఆగదు, సూది ఆగదు. "వద్దు" అన్నచో ఆగునది పాట ఒక్కటే. కావున బిడ్డ కోరిన పాటనే పాడవలెను, వలదన్నప్పుడు మానవలెను. ఆ చిన్న అధికారమైనను దానికి దక్కనిండు.

మన ప్రాంతమున తల్లియో, అమ్మమ్మయో రోగశయ్య ప్రక్కనే కూర్చుండుట పరిపాటి. ఇతరులు సంఘములు వేసి సాధించుకొన్నది మనకు చేతిలోనే యున్నది. లోపించినది పాట, దానిని ఆపుచున్నది నావంటివారి సిగ్గు.

ఉపాధ్యాయ సోదరులకు నా మనవి ఇదియే. తరగతిలో పద్యములు వల్లె వేయింపుడు. వానితోపాటు కలిసి పాడుకొను పాటలను నాలుగైదైనను నేర్పుడు. విద్యార్థులారా, మీ తోడివాడు జబ్బుపడి వైద్యశాలలో ఉన్నచో పండ్లతో ఊరకొనక, మీరందఱు పాడుకొను పాట నొకదానిని వాని చెవిలో మెల్లగా పాడి రండు. చేతిలోని బొమ్మను ప్రక్కన పెట్టుమని ఎవరైన అనవచ్చును. నోటిలోని పాటను ఎవరును తీసికొనలేరు.

మా అమ్మ ఇప్పుడు లేదు. ఆమె పాడిన జోలపాట మా అమ్మాయికి వచ్చును. ఆలస్యముగానైనను నేనును నేర్చుకొంటిని.