పావు మిల్లీమీటరు కవచం

1982 జూన్‌ 24 రాత్రి. కౌలాలంపూర్‌ నుంచి పెర్త్‌ వెళ్తున్న బ్రిటిష్‌ ఎయిర్‌వేస్‌ బోయింగ్‌ 747 జావా దీవి దగ్గర్లో ఎగురుతోంది. లోపల 263 మంది. ఉన్నట్టుండి ఒక ఇంజిన్‌ ఆగింది. నిమిషాల్లోనే మిగతా మూడూ ఆగిపోయాయి. గాలుంగుంగ్‌ అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద మేఘంలోకి దూరింది మరి విమానం! దాదాపు 37 వేల అడుగుల ఎత్తు నుంచి జారుతూ జారుతూ 13 వేల అడుగులకు వచ్చాక ఇంజిన్లు మళ్లీ స్టార్టయ్యాయి. జకార్తాలో దిగేటప్పుడు చూస్తే, పైలట్ల ముందున్న అద్దం గరుకు కాగితంతో రుద్దినట్టు తయారైంది. అయినా అందరూ క్షేమంగా బయటపడ్డారు.

అద్దాన్నే అలా అరగదీసిన ధూళి ఇంజిన్‌ లోపలికి వెళ్తే?

మండే వాయువు తోస్తుంటే గిర్రున తిరిగే టర్బైన్‌ రెక్కలుంటాయక్కడ. నేటి ఇంజిన్లలో ఆ వాయువు వేడి 1500 డిగ్రీలు దాటుతుంది. రెక్కలు చేసిన నికెల్‌ మిశ్రమలోహమేమో 1300 డిగ్రీల ప్రాంతంలోనే కరుగుతుంది. గిన్నె కరిగే మంట మీద వంటన్నమాట! రెక్కల్లోని సన్నటి రంధ్రాల గుండా వీచే గాలి, పైన పూసిన జిర్కోనియా అనే పింగాణీలాంటి పూత కలిసి వాటిని కాపాడతాయి. పూత మందం సుమారు పావు మిల్లీమీటరే.

చిక్కేమిటంటే, వేడికి లోహం వ్యాకోచించినంతగా పింగాణీ వ్యాకోచించదు. ఎనామిల్‌ పళ్లెంలా పెచ్చులూడిపోవాలి. అందుకే జిర్కోనియాను శూన్యంలో ఆవిరిచేసి రెక్క మీద పేరుకోనిస్తారు. అది మఖమల్‌ నూగులా, నిలువు స్తంభాలుగా పెరుగుతుంది. లోహం సాగితే స్తంభాల మధ్య సందులు కాస్త విచ్చుకుంటాయంతే. ఇసుక రేణువు వచ్చి తగిలినా ఆ స్తంభం కొసే విరుగుతుంది, పగులు పక్కదానికి పాకదు. కరిగించి చిమ్మే మామూలు పూతలతో పోలిస్తే ఇది అరుగుదలను సుమారు పదిరెట్లు తట్టుకుంటుందని తేలింది.

అయితే ఆ సందులే శత్రువుకు దారి కూడా. సుమారు 1200 డిగ్రీలు దాటితే ఎడారి ఇసుక, బూడిద కరిగి గాజు పాకమవుతాయి. అది సందుల్లోకి ఇంకి, చల్లారాక గడ్డకడుతుంది. ఇక స్తంభాలు కదల్లేవు, పూత ఊడిపోతుంది. దీనికి విరుగుడుగా గెడోలినియం జిర్కొనేట్‌ పొర వేస్తున్నారు. అది పాకంతో చర్య జరిపి, సందు మొదట్లోనే దాన్ని స్ఫటికంగా గడ్డకట్టిస్తుంది. కానీ ఇసుక దెబ్బలకు ఈ పొర జిర్కోనియా కన్నా త్వరగా అరిగిపోతుంది. ఒకటి సర్దితే ఇంకొకటి!

ఆ రాత్రి ఇంజిన్లను ఆపిందీ ఇలాంటి గాజే. ఆగిపోయాక అవి చల్లబడ్డాయి. అంటుకున్న గాజు పెళుసై, చిట్లి రాలిపోయింది.