ముగ్గురు తోబుట్టువులు, నాలుగు రోజులు, ఒకటే ఊరు: మా కౌలాలంపూర్ ప్లాన్

"అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి ఫారిన్ వెళ్లాలంటే ఎట్లా ప్లాన్ చేయాలి, అది కూడా ఉరుకులు పరుగులు లేకుండా?" ఈ ప్రశ్న చాలామంది అడిగారు. పోయిన ఏడాది అక్క, నేను, తమ్ముడు కౌలాలంపూర్ వెళ్లొచ్చాం. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో ఈరోజు చెప్తా. తప్పక చూడాల్సిన పాతిక ప్లేసుల లిస్టు కావాలంటే వేరే వీడియోలు బోలెడున్నాయి.

మాది పాతబస్తీ, లాల్‌దర్వాజా దగ్గర. అక్క పెళ్లయ్యి కరీంనగర్‌లో ఉంటుంది. తమ్ముడు సెప్టెంబర్‌లో చదువుకోవడానికి ఐర్లాండ్ వెళ్లిపోతున్నాడు. ఆ తర్వాత ముగ్గురం ఒక దగ్గర ఉండేది ఎప్పుడో ఎవరికీ తెలీదు. అక్క ఏటా బోనాలకు ఇంటికొస్తుంది కదా, దానికే ఇంకో నాలుగు రోజులు కలిపాం. పిల్లాడిని అమ్మ చూసుకుంటానంది. మాకు కావాల్సింది ముగ్గురం కూర్చుని మాట్లాడుకునే టైమ్. మిగతా ప్లాన్ అంతా దీన్ని బట్టే నడిచింది.

ముందు ఊరు ఎంచుకోవాలి. తమ్ముడు సింగపూర్ అన్నాడు. దానికి వీసా తీసుకోవాలి, హోటల్ రేట్లు కూడా మంట. దుబాయ్ అంటే ఆగస్టు ఎండలో బయట నడవలేం. కౌలాలంపూర్‌కి మన శంషాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, నాలుగు గంటల చిల్లర. 2023 డిసెంబర్ 1 నుంచి ఇండియన్స్‌కి అక్కడ 30 రోజుల వరకు వీసా లేదు, ఈ సౌకర్యం 2026 చివరి వరకు పొడిగించారు. దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, అది ఫ్రీ. డబ్బులు అడిగే సైట్ కనిపిస్తే అది గవర్నమెంట్ సైట్ కాదని అర్థం. పాస్‌పోర్ట్‌కి ఇంకా ఆరు నెలల వ్యాలిడిటీ ఉందో లేదో ఇప్పుడే తీసి చూడండి.

ఇక్కడ మన బస్తీల్లో చాలా ఇళ్లకు పనికొచ్చే మాట ఒకటి. పదో తరగతి పాసైన సర్టిఫికెట్ చూపించకపోతే పాస్‌పోర్ట్ మీద "ఈసీఆర్" అని వస్తుంది. అంటే, కొన్ని దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. అట్లాంటి 18 దేశాల్లో మలేషియా ఒకటి. మా అక్క పాస్‌పోర్ట్ మీద అదే ఉంది. "అయితే నేను రాను, మీరిద్దరు వెళ్లిరండి" అనేసింది. టూరిస్టుగా వెళ్లేవాళ్లకు ఆ క్లియరెన్స్ అక్కర్లేదు. కాకపోతే కౌంటర్‌లో ప్రశ్నలు ఎక్కువ పడొచ్చు కాబట్టి రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ ప్రింట్ తీసి ఆమె చేతికే ఇచ్చాం. మీ ఇంట్లో పదో తరగతి పాసైనా ఈసీఆర్ ఉన్నవాళ్లుంటే సర్టిఫికెట్ పెట్టి మార్పించుకోవచ్చు. 50 ఏళ్లు దాటినవాళ్లకూ అది తీసేస్తారు.

ఇప్పుడు అసలు తలనొప్పి, డబ్బులు. నాకు జీతం లాంటిది ఉంది, తమ్ముడిది ఎడ్యుకేషన్ లోన్, అక్కకి సొంత సంపాదన లేదు. "సమానంగా పంచుకుందాం" అంటే అక్క బావగారిని అడగాలి. "నేనే పెడతా" అంటే ఆమె మాట పడదు. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరు ఎంత పెట్టగలరో ఒక్కొక్కరు నాకు విడిగా మెసేజ్ చేయాలి. మూడింట్లో చిన్న నంబర్‌ని బట్టే ట్రిప్ ప్లాన్ చేయాలి, ఆ నంబర్ ఎవరిదో నేను బయటపెట్టకూడదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది తెలిసిన సంగతే, సిస్టమ్‌లో అన్నిటికన్నా స్లో పార్ట్ ఎంతో మొత్తం స్పీడు అంతే. దాని వల్ల హోటల్ ఒక స్టార్ తగ్గింది. అక్క మాత్రం నాలుగు రోజులూ మెనూలో రేట్ల వైపు చూడకుండా తిన్నది.

టైమింగ్ సంగతి చాలామంది లెక్కేయరు. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. అర్ధరాత్రి ఫ్లైట్ ఎక్కితే దిగేసరికి అక్కడ ఉదయం ఆరున్నర దాటుతుంది, మీ కళ్లకు మాత్రం ఇంకా తెల్లవారుజాము నాలుగే. హోటల్లో రూమ్ ఇచ్చేది మధ్యాహ్నం. అందుకే మొదటి రోజు ప్లాన్‌లో ఏమీ పెట్టలేదు. ఎయిర్‌పోర్ట్ ఊరికి యాభై కిలోమీటర్ల పైనే ఉంటుంది, ఎక్స్‌ప్రెస్ రైలు 28 నిమిషాల్లో కేఎల్ సెంట్రల్ స్టేషన్‌కి చేరుస్తుంది. మేం ఆ స్టేషన్ దగ్గరే బ్రిక్‌ఫీల్డ్స్‌లో రూమ్ తీసుకున్నాం. అది అక్కడి లిటిల్ ఇండియా, అరిటాకు భోజనం దొరుకుతుంది. లగేజీ హోటల్లో పడేసి, తిని, రూమ్ ఇవ్వగానే పడుకున్నాం.

మిగతా రోజులకు రూల్ ఒకటే, రోజుకొక్క పని. రెండో రోజు మస్జిద్ జామెక్. క్లాంగ్, గోంబాక్ నదులు కలిసేచోట 1909లో కట్టారు, డిజైన్ హబ్బాక్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్ట్‌ది. కౌలాలంపూర్ అంటేనే బురద నదుల సంగమం అని అర్థం. ఆ గుమ్మటాలు, ఆర్చీలు చూసి తమ్ముడు "అరే, ఇది మన హైకోర్టు లెక్కనే ఉంది కదా" అన్నాడు. తప్పేం కాదు. మూసీ ఒడ్డున 1920లో మొదలైన మన హైకోర్టు డిజైన్ విన్సెంట్ ఎష్ అనే ఇంకో బ్రిటిష్ ఆర్కిటెక్ట్‌ది. రెండూ ఆ కాలపు ఇండో సారసెనిక్ స్టైలే.

మూడో రోజు పొద్దున్నే బతు కేవ్స్, లోకల్ రైలు అక్కడిదాకా వెళ్తుంది. గుహకు 272 మెట్లు. అక్కకి మోకాలి నొప్పి, కింద మురుగన్ విగ్రహం దగ్గర కూర్చుంది. తమ్ముడు పైకెక్కాడు, నేను అక్క దగ్గరే ఉన్నా. ముగ్గురూ ప్రతిదీ కలిసే చేయాలని పట్టుబడితే రెండో రోజుకే గొడవ మొదలవుతుంది. పెట్రోనాస్ టవర్స్ పైకి వెళ్లలేదు, సాయంత్రం కింద పార్కులో కూర్చుని చూశాం. మలక్కా, గెంటింగ్ కూడా వదిలేశాం. మలక్కాకు పోను రాను నాలుగు గంటలు బస్సులోనే పోతాయి, నాలుగు రోజుల ట్రిప్‌కి అది దండగ అని నా అభిప్రాయం.

రెండు చిన్న పనులు. అక్కడ టాక్సీకి గ్రాబ్ యాప్ వాడతారు, ఓటీపీ గోల లేకుండా ఇక్కడుండగానే రిజిస్టర్ అవ్వండి. కార్డు మెషిన్ రూపాయల్లోనా రింగిట్లలోనా అని అడిగితే రింగిట్ నొక్కండి, రూపాయలైతే వాళ్ల రేటు వేసి ఎక్కువ లాగుతారు.

రాత్రుళ్లు మాత్రం ప్లాన్ అక్కర్లేదు. మామక్ హోటళ్లని ఉంటాయి, చాలావి తెల్లార్లూ తెరిచే ఉంటాయి. రోటీ చనాయ్ మన పరోటాకు చుట్టం, తే తారిక్ పైనుంచి కిందికి సాగదీసి పోసే పాల చాయ్. చివరి రాత్రి రెండింటి దాకా అక్కడే కూర్చున్నాం. నాన్న పోయిన ఏడాది ఇల్లు ఎట్లా నడిచిందో, ఎవరి దగ్గర ఎంత అప్పు తెచ్చిందో అక్క మొదటిసారి చెప్పింది. మాకప్పుడు స్కూల్ వయసు. తమ్ముడు ఇంకో మూడు చాయ్ చెప్పాడు.