పాత ట్రక్కుకు కొత్త సస్పెన్షన్: ముందు ఛాసిస్ సంగతి

1953 నుంచి 1956 వరకు అమెరికాలో తయారైన ఫోర్డ్ ఎఫ్-100 పికప్ ట్రక్కులను అక్కడి వాహన ప్రియులు ఇప్పటికీ బాగుచేసి నడుపుతున్నారు. వాటికి కొత్త సస్పెన్షన్ అమర్చే ముందు ఛాసిస్‌ను ఎందుకు బలపరుస్తారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ ట్రక్కు ముందు చక్రాలు రెండింటినీ 'ఐ' ఆకారపు ఒకే ఉక్కు ఇరుసు కలుపుతుంది. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య రెండు కమాను కట్టలుంటాయి. ఒక చక్రం రాయి ఎక్కితే ఇరుసంతా వాలి, రెండో చక్రం కూడా ఒరుగుతుంది. బరువులు మోయడానికి ఈ అమరిక మంచిదే. వేగంగా మలుపు తిరిగేటప్పుడే చిక్కు. అందుకే చాలామంది 1974-78 నాటి మస్టాంగ్ 2 కారు తరహా సస్పెన్షన్‌ను ఎంచుకుంటారు. ఇందులో ఒక్కో చక్రానికి వేరుగా పై చేయి, కింది చేయి, కాయిల్ స్ప్రింగు ఉంటాయి. ఒక చక్రం ఎగిరినా రెండోది తన దారిన తాను నడుస్తుంది.

అయితే కమాను కట్ట బరువును తన రెండు కొసల వద్ద పంచుతుంది. కొత్త అమరిక దాన్ని ఒక్క అడ్డదూలం దగ్గరే మోపుతుంది. పాత ఛాసిస్ దూలాలేమో ఒక పక్క తెరచి ఉన్న 'సి' ఆకారంవి. మెలితిప్పితే తేలికగా మెలితిరుగుతాయి.

ఒక చిన్న ప్రయోగం చేయండి. దళసరి కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంచులు అతికించకుండా రెండు చేతులతో మెలితిప్పండి. తర్వాత అంచులను జిగురుతో అతికించి, ఆరాక మళ్లీ తిప్పండి. కాగితం అదే, బిగువు మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. 'సి' దూలం తెరచిన వైపు ఉక్కు పలక వెల్డింగ్ చేసి పెట్టెలా మూసేయడంలోని సూత్రం ఇదే.

వెల్డింగ్‌లోనూ మెలకువ కావాలి. ఒకేచోట ఏకధాటిగా చేస్తే వేడికి దూలం వంకరపోతుంది. కనుక ఛాసిస్‌ను సమతలంగా బిగించి, మూలమూలల కొలతలు సరిచూస్తూ, కొద్దికొద్దిగా, చోటు మార్చుతూ అతకాలి. కొలత తప్పితే చక్రాలు వరుస తప్పుతాయి, బండి ఒక పక్కకు లాగుతుంది, టైర్లు త్వరగా అరుగుతాయి.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులకు హద్దులు విధించింది. తయారీదారు నిర్దేశించిన మూల రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది.

ఆలోచించండి: ఛాసిస్‌ను బలపరచకుండా సస్పెన్షన్ ఒక్కటే మారిస్తే, పగులు మొదట ఎక్కడ కనిపిస్తుంది?