కారులోని వస్తువులు చోరీకి గురైతే బీమా వర్తిస్తుందా?

సూరత్: చీరల కొనుగోలుకు రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్లకో, వజ్రాల లావాదేవీలకు మహీధర్‌పురా బజారుకో సొంత కారులో వచ్చినవారు, తిరిగి వచ్చేసరికి అద్దం పగిలి, సీటుపై ఉంచిన సంచి మాయమైతే ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారు? కారుకు సమగ్ర బీమా ఉందన్న ధీమా ఇటువంటి సందర్భంలో సగం మాత్రమే అక్కరకు వస్తుంది.

దేనికి వర్తిస్తుంది?

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం తప్పనిసరైన థర్డ్ పార్టీ బీమా ఇతరులకు కలిగిన నష్టానికే పరిమితం. సమగ్ర పాలసీలో కారుకు, దానికి అమర్చిన భాగాలకు రక్షణ ఉంటుంది. అందువల్ల పగిలిన అద్దానికి పరిహారం లభిస్తుంది. అయితే 1,500 సీసీ వరకు ఇంజిన్ ఉన్న కార్లకు రూ.1,000, అంతకు మించితే రూ.2,000 యజమానే భరించాలి. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ కూడా కోల్పోయే అవకాశం ఉన్నందున, చిన్న నష్టాలకు ముందుగా లెక్క చూసుకోవడం మేలు.

దేనికి వర్తించదు?

ల్యాప్‌టాప్, ఫోను, దుస్తులు, సంచులు వాహనంలో భాగం కావు. వీటికి అదనపు ప్రీమియంతో ‘వ్యక్తిగత వస్తువుల నష్టం’ రక్షణ తీసుకోవాలి. అందులోనూ పరిహారానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. నగదు, చెక్కులు, ఆభరణాలు సాధారణంగా మినహాయింపులే. కారుకు తాళం వేయకపోయినా క్లెయిమ్ తిరస్కరణకు గురికావచ్చు.

అమ్మకానికి తెచ్చిన సరుకు వ్యక్తిగత వస్తువు కాదు. చీరల మూటలకు సరుకు రవాణా బీమా, వజ్రాలకు జ్యువెలర్స్ బ్లాక్ పాలసీ వేరుగా ఉండాలి. మనిషి కాపలా లేని వాహనంలో జరిగిన చోరీని జ్యువెలర్స్ బ్లాక్ పాలసీల్లోనూ మినహాయించడం పరిపాటి.

ఏం చేయాలి?

వాహనాన్ని కదపకముందే ఫొటోలు తీసి, వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయవచ్చు. ఎలక్ట్రానిక్ విధానంలో పంపితే మూడు రోజుల్లోగా సంతకం చేయాలి. పోయిన ప్రతి వస్తువునూ ఎఫ్ఐఆర్‌లో నమోదు చేయించి, కొనుగోలు రసీదులు జతచేయాలి.

బీమా సంస్థకూ జాప్యం లేకుండా తెలపాలి. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసినప్పుడు, సంస్థకు ఆలస్యంగా తెలిపారన్న ఒక్క కారణంతో వాహన చోరీ క్లెయిమ్‌ను తిరస్కరించరాదని గురుశిందర్ సింగ్ కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

తిరస్కరిస్తే?

తొలుత సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో స్పందన రాకున్నా, సమాధానం సంతృప్తికరంగా లేకున్నా బీమా అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. నివాస ప్రాంతం ఆధారంగానూ ఫిర్యాదు స్వీకరిస్తారు కనుక, గుజరాత్‌వాసులు అహ్మదాబాద్‌లో, తెలుగు రాష్ట్రాలవారు హైదరాబాద్‌లో దాఖలు చేయవచ్చు. అయితే కొనని రక్షణను అంబుడ్స్‌మన్ సైతం ఇప్పించలేరు. పాలసీ పునరుద్ధరణ సమయంలోనే యాడ్-ఆన్‌ల జాబితాను పరిశీలించుకోవడం అవసరం.