మంచం కింది నవ్వు

గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’ కథను మన పాఠకులలో పలువురు చదివే ఉంటారు. 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో అచ్చయిన ఈ కథను ఆధునిక తెలుగు కథకు ఆరంభంగా చెబుతారు. 1902 నాటి బండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’కే ఆ స్థానం దక్కాలనే వారూ ఉన్నారు. ఆ తగవు పండితులకే వదిలివేద్దాం. నేను చూడదలచినది కమలిని మనసును.

కథ చిన్నది. గోపాలరావు చదువుకున్నవాడు, స్త్రీవిద్యను మెచ్చేవాడు. భార్యకు చదువు నేర్పినవాడూ ఆయనే. సభలకు వెళుతున్నానని ఆమెతో చెప్పి, రాత్రులు సానిపాట వినడానికి పోతాడు. ఒకనాడు అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చేసరికి భార్య లేదు, ఉత్తరం ఉంది. పుట్టింటికి పోతున్నానని ఆమె రాసింది. అబద్ధమాడిన మగనికి బుద్ధి చెప్పడానికి ఆ ఇల్లాలికి ఆయన నేర్పిన అక్షరాలే అక్కరకు వచ్చాయి.

ఆ ఉత్తరంలో గోపాలరావును మొదట గుచ్చినది సంబోధన. ‘ప్రియా’ అని ఉండవలసిన చోట ‘అయ్యా’ అని ఉంది. నిందను తర్వాతి వాక్యాలు మోశాయి గాని, మనసు దూరమైన సంగతిని ఆ ఒక్క మాటే చెప్పింది.

హదీసు పాఠం చెప్పేవారికి ఇక్కడ హజ్రత్ ఆయిషా (రజి) ఉదంతం గుర్తుకు రాకమానదు. ఆమె ఎప్పుడు సంతోషంగా ఉన్నదీ, ఎప్పుడు అలిగినదీ తనకు తెలుస్తుందని దైవప్రవక్త (స) ఆమెతో అన్నారు. ఎలాగని ఆమె అడిగారు. సంతోషంలో ముహమ్మద్ ప్రభువు సాక్షిగా అంటావు, అలిగితే ఇబ్రాహీం ప్రభువు సాక్షిగా అంటావు అని ఆయన వివరించారు. అవునని ఒప్పుకుంటూనే, తాను విడిచేది పేరును మాత్రమేనని ఆమె విన్నవించుకున్నారు. ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఒక సమాజాన్ని నడిపే బాధ్యత మోస్తూ, ఇంట్లో ఒక మాట మారినదని గమనించేంత తీరిక ఆయనకు ఉండేది. గోపాలరావుకు తెలియడానికి ఉత్తరం కావలసివచ్చింది.

మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఉత్తరం రాసే ఇల్లాళ్ళు తక్కువ. మిరప కోతల రోజుల్లో ఆమె పొద్దున్నే చేనికి పోతుంది. సాయంత్రం మండే చేతులతో వచ్చి పొయ్యి వెలిగిస్తుంది. ఆయన టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు పోయి, ఏ రాత్రికో తిరిగివస్తాడు. “ఎందుకు ఆలస్యమైంది?” అని ఆమె అడగడం మానేసిన నాటి నుంచి ఇల్లు ప్రశాంతంగా ఉందని ఆయన అనుకుంటాడు. ఆమె పుట్టింటికి వెళ్ళిన తర్వాత పెద్దల ముందు కూర్చుని, “నాతో ఎన్నడూ ఏమీ అనలేదండీ” అంటాడు. నా ఎరుకలో అది అబద్ధం కాదు. ఆమె నిజంగానే ఏమీ అనలేదు.

కన్య మౌనం అంగీకారమన్న నియమాన్ని మన మగవారు బాగా గుర్తుంచుకుంటారు. అది నికాహ్‌కు అనుమతి అడిగిన వేళకు సంబంధించినది, ఆ పై సంసారమంతటికీ వర్తించేది కాదు. ఆ ఒక్క ఘడియ విషయంలోనూ ధర్మశాస్త్రవేత్తలు ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి. పన్నెండవ శతాబ్దపు మర్గీనానీ రచన ‘హిదాయా’ను మదర్సాల్లో నేటికీ బోధిస్తాము. అనుమతి కోరినప్పుడు అమ్మాయి నవ్వితే అది సమ్మతి అని అందులో ఉంది. ఆ వెంటనే, విన్నదాన్ని ఎగతాళి చేస్తున్నట్లుగా నవ్వితే సమ్మతి కాదనే మాటా ఉంది. శబ్దం లేకుండా కన్నీరు పెడితే దాన్ని తిరస్కారంగా లెక్కించరాదట. నవ్వులోనూ ఏడుపులోనూ భేదాలు విడదీశారంటే, స్త్రీ మనసును కనిపెట్టడం న్యాయనిర్ణయంలో భాగమని వారు ఎరిగినవారే కదా!

కమలిని నిజానికి ఎక్కడికీ పోలేదు. తప్పు తెలుసుకున్నానని, ఆమెను తీసుకురమ్మని గోపాలరావు నౌకరు రాముడిని బతిమాలుకుంటూ ఉంటే, ఆమె మంచం కిందనే ఉండి అంతా వింది. చివరకు మంచం కింద నుంచి నవ్వూ, నగల చప్పుడూ వినిపిస్తాయి. క్షమించిన నవ్వేనని చాలామంది అంటారు. నాకంత నిశ్చయం లేదు. పది రాత్రుల అబద్ధం ఒక్క రాత్రి పశ్చాత్తాపంతో చెల్లిపోతుందా? నౌకరు ముందు యజమాని పడిన అవస్థకు వచ్చిన నవ్వూ కావచ్చు. గెలిచానన్న నవ్వూ కావచ్చు. ఆమె బయటికి వచ్చి ఏమన్నదో గురజాడ రాయలేదు. నవ్వు వినిపించిన చోటనే కథ ఆగింది. ఆ నవ్వుకు అర్థం వెతుక్కునే పని గోపాలరావుది.